చాచా వేలితో కొట్టిన నంబరు

పోయిన నెల ఒక పొద్దున, నా దుకాణంలో ఒక రైతుకు పొలం హక్కు కాగితం, సాత్‌బారా, ప్రింటు తీసి ఇస్తుంటే మసీదు మైకు గరగరలాడింది. నమాజు వేళ కాదు. వేళ కాని వేళ మైకు మోగిందంటే మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరొంచలో హిందువులైనా ముస్లిములైనా చేతిలో పని ఆపి చెవి పెడతారు. ఎవరిదో పేరు చెప్పారు, తండ్రి పేరు చెప్పారు, ఇంతెకాల్ అయింది, అంటే కన్నుమూశాడన్నారు, మధ్యాహ్నం నమాజు తర్వాత జనాజా అన్నారు. ఆ పేరు ఎవరిదో నాకు ఒక్క క్షణం అందలేదు. అందేసరికి ప్రింటరులోంచి వచ్చిన కాగితం కింద పడింది. రైతు వంగి తీసుకుంటూ, "ఎవలు మేడమ్, మీకు కావల్సినోళ్లా?" అన్నాడు. "మా లైన్‌మన్ చాచా," అన్నాను. ఆ మాట అన్నాకే నాకు ఏడుపొచ్చింది.

చిత్రం చూడండి. నేను పుట్టినప్పటినుంచీ మా గోడ అవతల ఉన్న మనిషి, ఆయన పేరుతో నాకు ఒక్కనాడూ పని పడలేదు. ఊరందరికీ లైన్‌మన్. నాకు చాచా. ఆయన మంచితనం గురించి చెప్పేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు, చెప్పనివ్వండి. నేను చెప్పాల్సింది వేరే ఉంది. ఒక తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసి ఆయన నోటికాడి కూడు నేను తీసేయబోయాను. ఆ సంగతి దాచిపెట్టి ఎన్ని పొగిడినా అది ఎగవేతే అవుతుంది.

ముందు మనిషిని చూపించనివ్వండి. బక్కపలచగా, పొడుగ్గా ఉండేవాడు. సైకిలు హ్యాండిలుకు తీగ చుట్టలు, భుజాన టెస్ట్ ఫోను. ఆ ఫోనుకు రెండు వైర్లు, వాటి చివర పళ్ల క్లిప్పులు. తీగె ఎక్కడ దొరికితే అక్కడ తగిలించి మాట్లాడొచ్చు. ఎవరింట్లో ఫోను బాగుచేసినా, నడుస్తోందో లేదో చూడడానికి టెలిఫోన్ ఆఫీసుకు చేసి, ఆ ఇంటి తరఫున తనే మాట్లాడేవాడు. "హలో, కిరాణకొట్టోల్ల ఇల్లు మాట్లాడుతున్నది. వారం సంది గొంతు వడిపోయి ఉండె, ఇయ్యాల లేచింది" అనేవాడు. మా ఇల్లు ఏం చెబుతుందో విందామని చిన్నప్పుడు నేను ఆయన పక్కనే నిలబడేదాన్ని. ఒకసారి, "హలో, ఈ ఇంట్ల ఒక పోరి ఉన్నది, దినాం కయ్యమే, జర మీరన్న చెప్పుండ్రి" అని మా ఇంటి తరఫున ఆఫీసుకు ఫిర్యాదు చేశాడు. ఆ పోరిని నేనే. ఇప్పటికీ నా నోటి దురుసు తగ్గలేదని మా అమ్మ అంటుంది.

ఒకసారి జింగనూర్ వైపు తీగె తెగిందని వెళ్లాడట. అడవిలో స్తంభం ఎక్కి అతుకు వేస్తుంటే కింద ఒక గోండు తల్లి వచ్చి నిలబడింది. అహేరి హాస్టల్లో కొడుక్కు జ్వరమని కబురు వచ్చిందట, ఊళ్లో ఉన్న ఒక్క ఫోను చచ్చి ఉంది. చాచా టెస్ట్ ఫోనును తాడు కట్టి పైనుంచి కిందికి వదిలాడు. అతుకు ఇంకా గట్టిపడలేదు, చెయ్యి తీస్తే మాట తెగుతుంది. ఆమె కొడుకుతో మాట్లాడినంతసేపూ ఈయన పైన తీగెల కొసలు రెండు వేళ్ల మధ్య నొక్కి పట్టుకుని వేలాడాడు. "ఎంతసేపు చాచా?" అని అడిగితే, "ఆమె ఏడుపు ఒడిసేదాక" అన్నాడు. ఈ సంగతి ఆయన గొప్పగా చెప్పుకోలేదు. భుజం పట్టేసిందని చాచీ కాపడం పెడుతుంటే నేను చూసి అడిగాను కాబట్టి చెప్పాడు.

"తీగె అబద్ధం జెప్పది, చెప్తె మనిషే చెప్పాలె" అనేది ఆయన మాట. ఇంకోటి, "ముందుగాల విను, తర్వాత కొయ్యి." తీగెల గురించే అనేవాడు. నాకూ ఎవరైనా ఆ మాట మనుషుల గురించి చెప్పి ఉంటే బాగుండేది.

ఇక నా కథకు వస్తాను. నాగపూర్‌లో చదువు ముగించుకుని వచ్చి, మా ముందు గదిలో కంప్యూటర్ క్లాసు పెడతానని కూర్చున్నాను. అంతకుముందు ఏడాదే మా బాపు పోయాడు. ఇంట్లో నేనూ అమ్మా, నది ఒడ్డున రెండు ముక్కల వరి పొలం. క్లాసుకు పర్మిషన్ ఇచ్చే సంస్థ వాళ్లు రెండు షరతులు పెట్టారు. దొంగ సాఫ్ట్‌వేర్ ఉండకూడదు. వాళ్లు చూడడానికి వచ్చిననాడు ఇంటర్నెట్ నడుస్తూ ఉండాలి. దొంగది వద్దంటే, కొనే తాహతు లేకపోతే, ఉన్న దారి ఉచితంగా దొరికే లినక్స్. నాగపూర్ స్నేహితురాలు ఒక పాత కంప్యూటరులో లినక్స్ ఎక్కించి, దాంతోపాటు ఒక మోడెం ఇచ్చి పంపింది. ఈ కాలం పిల్లలకు చెప్పాలి, మోడెం అంటే ఫోను తీగె మీదుగా కంప్యూటరును ఇంటర్నెట్‌కు కలిపే డబ్బా. అరచేయంత ఉంటుంది, ముందు ఎర్ర దీపాలు వరసగా ఉంటాయి. అదే నంబరు కొడుతుంది, అవతల ఇంకో మోడెం ఎత్తుతుంది, రెండూ కీచుమని అరుచుకుని ఒప్పందానికి వస్తాయి.

మాది ఒప్పందానికి రాలేదు. మొదటి వారం అసలు మోడెం ఉందన్న సంగతే కంప్యూటరుకు తెలియలేదు. వెనకాల రెండు రంధ్రాలుంటే నేను ఒకదానికి తగిలించి ఇంకోదాని పేరు రాశాను. అది సరిచేస్తే దీపాలు వెలిగాయి. నంబరు కొట్టింది. ఒక నిమిషం ఆగింది. తెర మీద 'నో క్యారియర్' అని వచ్చింది, అవతలి మోడెం అందలేదని. మళ్లీ కొట్టించాను. మళ్లీ నో క్యారియర్. నెల రోజులు అదే పాట. అహేరిలో కంప్యూటర్ల సంగతి తెలిసిన ఒకాయన, "గా లినక్స్ గినక్స్ తీసేసి విండోస్ ఎక్కియ్యి, అన్ని సక్కగైతయ్" అన్నాడు. నేను ఒప్పుకుంటానా? నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. లినక్స్ తప్పనడానికి నోరు రాదు, నా తప్పన్న ఊహే తలకెక్కదు. మరి మిగిలిందేమిటి? లైను.

చాచాను పిలిచాను. వచ్చాడు, టెస్ట్ ఫోను తగిలించి విన్నాడు. "లైన్ అద్దం లెక్క ఉన్నది బిడ్డా" అన్నాడు. రెండోసారి వచ్చాడు, స్తంభం దాకా చూశాడు, అదే మాట. మూడోసారి వచ్చినప్పుడు, "నీ డబ్బను ఒక్కసారి నడిపియ్యి, అది ఏమంటున్నదో నేను వింట" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "విని ఏం జేస్తవ్ చాచా, ఇదంత ఇంగ్లీషుల ఉంటది" అన్నాను. ఆయన క్లిప్పులు తీసి ఫోను భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే జిల్లా వైపు ఉన్న పెద్ద టెలిఫోన్ ఆఫీసుకు మరాఠీలో ఉత్తరం రాశాను. లైనులో లోపముంది, లైన్‌మన్ మూడుసార్లు వచ్చి పని చేయకుండా వెళ్లాడు, ఇది నిర్లక్ష్యం. నా మరాఠీ బాగుంటుంది, అందులోనూ తిట్టేటప్పుడు మరీ బాగుంటుంది. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట అని మా అమ్మ అననే అంది. పట్టించుకుంటేనా! పోస్టు డబ్బాలో వేసి వచ్చి ఆ పూట కడుపునిండా అన్నం కూడా తిన్నాను.

మూడు వారాల తర్వాత ఒక శనివారం. నాలుగు రోజులుగా ముసురు. చాచీ వెనక గోడ దగ్గరికి వచ్చి నన్ను పిలిచింది. ఆమె గోడ దగ్గరికి వచ్చిందంటే చేతిలో కూర గిన్నె ఉండడం రివాజు. ఆ రోజు ఉత్త చేతులు.

"ఏం పోరివే నువ్వు! గోడ ఇవుతల మనిషిని ఒక్క మాట అడుగకుండ కాయిదం రాస్తవా? పద్దెనిమిదేండ్లాయె ఆయన రోజుకూలి మీద స్తంభాలెక్కవట్టి. ఇన్నేండ్లకు పర్మనెంట్ లిస్టుల పేరొచ్చింది. నీ కాయిదం వోయి దాని మీద కూసున్నది!"

నాకు తెలియదు. నిజంగా తెలియదు. ఊళ్లో అందరూ లైన్‌మన్ అంటారు కదా, ఆయన ఇంకా రోజుకూలీ అని నాకేనాడూ తోచలేదు. పెద్దాఫీసు గుమాస్తా ఫోను చేసి చెప్పాడట. ఫిర్యాదు రాసినవాళ్లే పని అయిందని రాసివ్వాలి, అది సోమవారం ఆఫీసు మూసేలోపు అందాలి. అందకపోతే ఆ పేరు తీసి ఇంకో పేరు పెడతారు. మళ్లీ లిస్టు ఎప్పుడో దేవుడికే తెలియాలి. ఈ సంగతి చాచాకు రెండు రోజుల కిందటే తెలుసు. మా ఇంటికి వచ్చి అడగలేదు.

నేను వానలోనే వాళ్లింటికి పరుగెత్తాను. చాచా మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. "కాయిదమియ్యి చాచా, సంతకం వెడ్త" అన్నాను.

"నీ డబ్బ నడిచిందా?"

"లేదు."

"మరి ఏమని పెడ్తవ్?"

"పనైపోయింది అని."

"కాని పనికి అయిందని సంతకం తీసుకుంటే అది దొంగ కాయిదం బిడ్డా. పద్దెనిమిదేండ్లు ఒక్క దొంగ కాయిదం పెట్టలే. ఇగ ఆఖరుకు వచ్చి పెడ్తనా?" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను తట్టుకునేదాన్ని.

చాచీ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "సంతకం వెట్టినా పోయేదెట్ల? ఆలపల్లి తొవ్వల వాగులు పొంగినయ్, బస్సులు బంద్" అంది. నిజమే. ఫోనులో నోటిమాట చెల్లదు, రాత కావాలి. ఎస్టీడీ బూత్‌లో ఉన్న ఫాక్సు మిషన్ ఆ వారమే పిడుగుకు కాలిపోయింది. అప్పుడు నాకు మా ఫోన్ బిల్లు గుర్తుకొచ్చింది. దాని వెనక ఆ ఆఫీసు ఈమెయిల్ అడ్రసు అచ్చువేసి ఉంది. చాచా టెలిఫోన్ ఆఫీసుకు వెళ్లి అక్కడినుంచి గుమాస్తాను అడిగి వచ్చాడు. ఈమెయిల్ అయినా రాతే, చెల్లుతుందట. అంటే ఇప్పుడు ఆయన నౌకరీ అంతా నా దగ్గర పలకని ఆ డబ్బా మీద పడింది.

ఆదివారం పొద్దున్నే వచ్చాడు. ఈసారి నేనే, "నడిపిస్త చాచా, విను" అన్నాను. ఆయన నేల మీద కూర్చుని మోడెం పక్కన చెవి పెట్టాడు. డయల్ టోన్ వచ్చింది. మోడెం నంబరును పీపీపీ అని గబగబా కొట్టింది. తర్వాత నిమిషం గర్ర్ మని మోత. నో క్యారియర్. "మల్ల" అన్నాడు. మళ్లీ. "మల్ల." మూడోసారి అయ్యాక తల ఎత్తి నవ్వాడు.

"దొరికింది బిడ్డా. నంబర్ కొట్టినంక గూడ డయల్ టోన్ పోతలేదు. ఒక్క అంకె పడ్డా ఆ మోత బంద్ కావాలె. అంటే మన ఎక్స్‌చేంజ్ దీని మాట ఇంటనే లేదు."

"ఎందుకినది?"

"మీ బాపు తీసుకున్నది చక్రం ఫోను. మీ లైను ఆడ చక్రం లెక్కలనే రాసి ఉన్నది. చక్రం తిప్పితే టిక్ టిక్ మని దెబ్బలు వడ్తయ్, ఆడ మిషన్ ఆ దెబ్బలు లెక్కవెడ్తది. నీదేమో పాట పాడవట్టె. లెక్కవెట్టేటోని ముంగట పాట పాడితే ఏం ఫాయిద?"

నెల రోజులు నేను తెర చూస్తూ కూర్చున్నాను. ఆ డబ్బా ఏమంటోందో ఒక్కసారి కూడా వినలేదు. వింటానన్న మనిషిని ఇంగ్లీషు అని పంపించేశాను. అక్కడికక్కడే నేలలోకి దిగబడిపోతే బాగుండు అనిపించింది.

ఎక్స్‌చేంజ్‌లో ఆ లెక్క మార్చాలంటే పెద్ద ఆఫీసరు హుకుం కావాలి. ఆయన వాగు అవతల ఉన్నాడు. చాచా కాసేపు ఆలోచించి బాపు ఫోను దగ్గరికి జరిగాడు. మా దగ్గర ఇళ్లలో పిల్లలు ఊరికే ఫోన్లు చేయకుండా చక్రానికి చిన్న తాళం వేసేవాళ్లు. ఆ తాళాన్ని తప్పించుకునే విద్య కూడా మా దగ్గరే పుట్టింది. రిసీవరు పెట్టే చోట ఉండే మీటను వేలితో టకటక కొడితే చక్రం తిప్పినట్టే. నాలుగుకు నాలుగు దెబ్బలు, సున్నాకు పది. చాచా ఆ విద్యలో మొనగాడు. "నంబర్ నేను కొడ్త. అవుతల ఎత్తినంక నీ డబ్బకు అప్పజెప్త. అందుకుంటదా అది?" అన్నాడు.

అందుకుంటుందో లేదో నాకేం తెలుసు! లినక్స్‌తో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం తెర మీద తెరిచి వెతికాను. ఉంది. డయల్ టోన్ కోసం చూడకుండా నడుస్తున్న లైనును అందుకోమని మోడెంకు చెప్పే ఒక ఆజ్ఞ ఉంది. నేను గట్టిగా కేక పెట్టాను. అమ్మ వంటింట్లోంచి "ఏమాయెనే?" అంటూ వచ్చింది.

కానీ ఆ ఆదివారం కాలేదు. మొదటిసారి ఆయన రిసీవరు తొందరగా పెట్టేశాడు. రెండోసారి నేను ఆలస్యం చేశాను. మూడోసారికి ఉరుము ఉరిమింది. చాచా దూకినట్టు లేచి గోడలోంచి వైరు పీకేశాడు. "మెరుపుకు చుట్టరికం ఉండది. ఇది గూడ కాలిపోతే ఇగ మనకు ఏ తొవ్వ లేదు" అన్నాడు. పొద్దుగూకేదాకా ఉరుముతూనే ఉంది.

సోమవారం పదకొండు గంటలకు తెరిపి ఇచ్చింది. మళ్లీ కూర్చున్నాం. ఈసారి నంబరే తప్పిపోయింది, ఎవరో ఇంట్లో మోగి "హలో, కోన్ బోల్తే?" అంది ఒక ఆడగొంతు. మళ్లీ కొట్టాడు. మళ్లీ తప్పు. చాచా వేలికి అంకె తప్పడం నేనెన్నడూ చూడలేదు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని చొక్కాకు తుడుచుకున్నాడు.

"అందరి నంబర్లు ఇన్నేండ్లు కొట్టిన బిడ్డా. నాది నేను కొట్టుకుంటుంటె వేలు వణుకుతున్నది. నువ్వు జర అటు చూడు."

నేను తెర వైపు తిరిగాను. వెనక టకటకలు వినబడుతున్నాయి. ఒక్కో అంకెకూ మధ్య ఆయన ఊపిరి వినబడుతోంది. తర్వాత ఏమీ లేదు. ఆ తర్వాత, "ఎత్తింది! కూతవెడ్తున్నది! ఇయ్యి బిడ్డా, ఇయ్యి!" అని అరిచాడు. నేను ఎంటర్ కొట్టాను. ఎర్ర దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి. ఆయన నిద్రపోయిన పసిబిడ్డను పడుకోబెట్టినట్టు రిసీవరును పెట్టాడు. డబ్బా కీచుమంది, బుసకొట్టింది, గిలగిలలాడింది, ఆగింది. తెర మీద 'కనెక్ట్' అని వచ్చింది. అమ్మ దండం పెట్టింది, దేనికో ఆమెకే తెలియాలి.

ఉత్తరం అప్పటికే ఇంగ్లీషులో కొట్టి పెట్టాను. చాచా నా కుర్చీ వెనక నిలబడి, "ఏం రాసినవ్, చదువు" అన్నాడు. తెలుగు చేసి చదివాను. ఇప్పుడు అంతా నడుస్తోంది. లైనులో అసలు లోపమే లేదు. లైన్‌మన్ నిర్లక్ష్యం ఏమీ లేదు, తెలియక నేనే తప్పుగా ఫిర్యాదు చేశాను.

"గా వెనుకటి ముక్కలు తీసెయ్" అన్నాడు.

"ఎందుకు చాచా? నిజమే కద."

"నువ్వు రేపు క్లాసు వెట్టేదానివి. తెల్వక రాసిన అని నీ చేత్తోనే రాసిస్తే, గా పర్మిషన్ ఇచ్చేటోల్ల చెవుల వడితే, నీ దగ్గర ఎవలు నేర్చుకుంటరు? ఖరాబుండె, లైన్‌మన్ వచ్చి బాగుజేసిండు అని రాయి. నాకు గంతే చాలు. జల్ది, లైన్ తెగుతది."

వాదించడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. ఊళ్లో ఎవరినైనా అడగండి. ఆ రోజు వాదించలేదు. లైను తెగిపోతుందన్న భయం ఒకటి ఉంది, నిజమే. అంతకంటే నిజం ఇంకోటి ఉంది. ఆయన ఆ మాట అనగానే లోపల నాకు హమ్మయ్య అనిపించింది. ఆ రెండు వాక్యాలు కొట్టేసి, 'లోపం సరిచేశారు' అని రాసి పంపించాను. మధ్యాహ్నానికి గుమాస్తా టెలిఫోన్ ఆఫీసుకు ఫోను చేసి అందిందన్నాడు. చాచా పర్మనెంట్ అయ్యాడు. గోడ మీదుగా కూర గిన్నె మళ్లీ రావడం మొదలైంది.

ఆ తర్వాతి వారం ఆ ఇంగ్లీషు పుస్తకం తీరిగ్గా చదువుతుంటే, మేము వాడిన ఆజ్ఞకు నాలుగు వరుసల కిందే ఇంకోటి కనబడింది. పాట మాని టిక్ టిక్ మని దెబ్బలు కొట్టమని మోడెంకే చెప్పొచ్చు. ఒక్క అక్షరం మారిస్తే చాలు. చాచా వేలు వణకాల్సిన పనే లేదు! తల పట్టుకుని పోయి చెబితే ఆయన పడీపడీ నవ్వాడు. "మంచిదాయె. నువ్వు గదంత చదివి ఉంటే ఇగ నన్నెందుకు పిలుస్తవ్?" అన్నాడు. క్లాసు మొదలయ్యాక అప్పుడప్పుడు వచ్చి వెనక బల్ల మీద కూర్చునేవాడు. మోడెం నంబరు కొడుతుంటే కళ్లు మూసుకుని అంకెలు లెక్కపెట్టేవాడు. పిల్లలు నంబరు తప్పుగా ఇస్తే, "ఆరు గాదు, అయిదు వడ్డది" అని చెప్పేవాడు. పిల్లలకు అదో పెద్ద వింత.

ఏళ్లు గడిచాయి. మొబైళ్లు వచ్చాయి, తీగెలు పోయాయి, నా క్లాసు బజారుకు మారి ఆన్‌లైన్ ఫారాలు నింపే దుకాణమైంది. రిటైరయ్యాక చాచా ఒకనాడు పెన్షన్ పని మీద తన నౌకరీ పుస్తకం పట్టుకుని దుకాణానికి వచ్చాడు, పేజీలు స్కాన్ చేసి పంపాలి. మొదటి పేజీలోనే మరాఠీలో ఒక వరుస ఉంది, ఎర్ర సిరాతో. వినియోగదారు ఫిర్యాదు, లైనులో లోపం, తరువాత సరిచేయబడినది. పుస్తకమంతా తిరగేశాను. అన్నేళ్ల నౌకరీలో ఎర్ర సిరా అదొక్కటే.

కాని పనికి సంతకం వద్దన్న మనిషి ఆయన. తన నౌకరీ పోతుందన్నా తన కోసం ఒక్క అబద్ధం ఒప్పుకోలేదు. నా కోసం ఒప్పుకున్నాడు, అదీ తన మీదే వేసుకుని. "చాచా, ఇది..." అన్నాను. ఆయన వెనక వరసలో ఉన్నవాళ్ల వైపు చూసి, "పాతది గది. స్కాన్ జెయ్ బిడ్డా, మంది ఆగిండ్రు" అన్నాడు. నేను స్కాన్ చేశాను. నా చేత్తోనే ఆ పేజీని పంపించాను.

ఆ తర్వాత కూడా బోలెడన్ని రోజులు దొరికాయి. చాచా వరండాలో కూర్చుని ఉండేవాడు, నేను రోజూ ఆ ముందునుంచే పోయేదాన్ని. చెబుదాం, చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. ఆయనకు కాదు, ఆయనకు తెలుసు. నలుగురిలో చెప్పాలి. ఇన్నేళ్లలో ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. నాలాంటి వాచాలురాలికి ఆ ఒక్క మాట నోట రాలేదంటే మీరు నమ్మరు.

ఆ మధ్యాహ్నం జనాజా నా దుకాణం ఉన్న వీధిలోకి వచ్చింది. ముందురోజు గాలివానకు నా దుకాణానికి వచ్చే ఇంటర్నెట్ కేబుల్ మూల దగ్గర బాగా కిందికి జారి, అడ్డంగా వేలాడుతోంది. భుజాల మీద మోసుకొచ్చేవాళ్లు దాని ముందు ఆగారు. ఎవరో కత్తిరిద్దామన్నారు, ఎవరో వంగి పోదామన్నారు. మా దగ్గర ఆడవాళ్లు గడప దగ్గరే నిలబడి చూస్తారు, ముందుకు రారు. నేను షట్టర్ దించే కొక్కెం కర్ర తీసుకుని వీధిలోకి దిగాను. కేబుల్‌ను కొక్కేనికి తగిలించి, రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తాను. వాళ్లు దాని కింద నుంచి నడిచారు.

ఆయన సరిగ్గా నా పక్కనుంచి పోతున్నప్పుడు, నలుగురికీ వినబడేటట్టే అన్నాను. "మా లైన్ మంచిగనే ఉండె చాచా. తప్పు నాదే."

మోస్తున్నవాళ్లలో ఒకతను తల తిప్పి నా వైపు చూశాడు. ఆగలేదు. చేతులు గుంజుతున్నా, వెనక వచ్చే ఆఖరి మనిషి కూడా ఆ తీగె కింద నుంచి దాటేదాకా నేను కర్ర దించలేదు.